ఆక్సిజన్ అంకె పక్కన రాయని సంగతి

కరోనా వార్డులో గంటగంటకూ రాసిన అంకె ఆక్సిజన్‌ది. వేలికి పెట్టిన క్లిప్పు 95 చూపితే ఇంట్లోవాళ్లకు ఫోన్లో ధైర్యం చెప్పేవారు. 85 చూపితే ఐసీయూ పడక కోసం పరుగులు పెట్టేవారు. జ్వరం, నాడి, బీపీ, షుగరు కూడా అదే కాగితం మీద వరుసగా ఉండేవి. రోగికి తానెక్కడున్నాడో తెలుస్తోందా, నిన్న గొంతు విని గుర్తుపట్టిన కూతుర్ని ఈరోజూ గుర్తుపడుతున్నాడా అన్నదానికి మాత్రం మామూలు కేస్ షీటులో గడి ఉండదు. రాత్రి డ్యూటీ నర్సు గమనిస్తే ఓ మూల రాస్తుంది, లేకపోతే లేదు.

కరోనాతో ఆసుపత్రిలో చేరినవారికి మెదడులో, నరాల్లో ఏం జరిగిందన్న ప్రశ్న మీద 2020 నుంచి దేశదేశాల్లో వచ్చిన అధ్యయనాలను వరుసగా చదివితే ఒక విషయం గట్టిగా తేలుతుంది. పెద్ద లక్షణాల్లో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించింది మతి తప్పడమే. ప్రాణానికి ముప్పు ఉందని ముందుగా చెప్పిందీ అదే. దాన్ని పట్టుకోవడానికి ఎమ్మారై అక్కర్లేదు, నాడీ వైద్య నిపుణుడూ అక్కర్లేదు. రోగి మామూలుగా ఎలా ఉంటాడో తెలిసిన మనిషి ఒకరు, పూటకోసారి రెండు నిమిషాలు వెచ్చించే నర్సు ఒకరు ఉంటే చాలు. ఈ పరిశోధనను అనంతపురం నుంచి చదవాలని నేననేది అందుకే. ఖరీదైన యంత్రాలు దూరంగా ఉన్న జిల్లాకు ఇందులో పనికొచ్చే మాట చాలా ఉంది.

ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకం లేని పీఠభూమి ఇది. వేరుశనగ పోయిన ఏడాది జనం బెంగళూరుకో, కేరళకో పనులకు పోతారు. 2020 వసంతంలో హిందూపురం తొలి హాట్‌స్పాట్ అయినప్పుడు జిల్లాకున్న ఆధారం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి, దాన్ని ఆనుకుని 2000లో మొదలైన వైద్య కళాశాల, 1969 నుంచి ఇక్కడ పనిచేస్తున్న స్వచ్ఛంద సంస్థ ఆర్డీటీ వారి బత్తలపల్లి ఆసుపత్రి. బత్తలపల్లి కోవిడ్ ఆసుపత్రిగా మారింది. 2021 మే నెలలో రాష్ట్రంలో ఒక్కరోజు కేసులు 24 వేలు దాటినప్పుడు, వరండాలో కుర్చీ మీద కూర్చోబెట్టి ఆక్సిజన్ పెట్టే స్థితిలో, రోగి మాట తీరు మారిందా అని అడిగే తీరిక ఎవరికుంటుంది? తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. ఆ తీరిక లేకపోవడం వల్ల ఏది కనబడకుండా పోయిందో చెప్పడానికే అంటున్నాను.

మొదటి లెక్క వూహాన్ నుంచి వచ్చింది. అక్కడి ఆసుపత్రుల్లో చేరిన 214 మందిని పరిశీలించి, 36 శాతం మందిలో ఏదో ఒక నాడీ లక్షణం ఉందని 2020 ఏప్రిల్‌లో ప్రకటించారు. జబ్బు తీవ్రంగా ఉన్నవారిలో 45 శాతం, తక్కువగా ఉన్నవారిలో 30 శాతం. స్పృహ తగ్గడం తీవ్ర రోగుల్లో దాదాపు 15 శాతం మందిలో కనిపిస్తే, మిగతావారిలో రెండున్నర శాతం కూడా లేదు. తరువాత స్పెయిన్‌లోని అల్బాసెటెలో 841 మందిని చూస్తే 57 శాతం వచ్చింది. చికాగోలో 509 మందిని చూస్తే 82 శాతం. న్యూయార్క్‌లో దాదాపు 4,500 మందిని చూస్తే పదమూడున్నర శాతమే.

ఒకే వైరస్‌కు 13 ఎక్కడ, 82 ఎక్కడ? పైపైన చూస్తే ఈ శాస్త్రం మీదే అనుమానం వస్తుంది. తేడా వైరస్‌ది కాదు, అడిగిన ప్రశ్నది. చికాగో వారు తలనొప్పి, ఒళ్లునొప్పులు, రుచి పోవడం కూడా లెక్కలో వేసుకున్నారు. ఒళ్లునొప్పులే 45 శాతం. న్యూయార్క్ వారు నాడీ వైద్యులు పరీక్షించి కొత్తగా నిర్ధారించిన జబ్బులను మాత్రమే లెక్కపెట్టారు: పక్షవాతం, ఫిట్స్, ఎన్సెఫలోపతి, ఆక్సిజన్ అందక మెదడు దెబ్బతినడం. జల్లెడ కన్ను పెద్దదైతే గింజలు ఎక్కువ జారతాయి. అందువల్ల ఈ శాతాలను పక్కపక్కన పెట్టి ఏ దేశంలో జబ్బు ఎక్కువని తేల్చడం వ్యర్థం. ఏ అధ్యయనంలోనైనా మారకుండా నిలిచిన సంగతుల మీదే దృష్టి పెట్టాలి.

అలా నిలిచిన సంగతి ఎన్సెఫలోపతి. వాడుకలో చెప్పుకుంటే మనిషి మత్తుగా పడి ఉండడం, పలవరించడం, వేళాపాళా తెలియకపోవడం, లేని మనుషులతో మాట్లాడడం, సూదిగొట్టాలు పీకేయడం. చికాగోలో మూడోవంతు మందికి ఇది వచ్చింది. వచ్చినవారిలో నెలరోజుల్లోపు చనిపోయినవారు దాదాపు 22 శాతం, రానివారిలో 3 శాతం. 13 దేశాల్లో 3,744 మంది రోగులను చూసి 2021లో వెలువడిన పెద్ద అధ్యయనంలో సగంమందికి ఎన్సెఫలోపతి, ఆరుశాతం మందికి పక్షవాతం ఉన్నాయి. మెదడుకు, దాని పొరలకు నేరుగా వాపు వచ్చినవారు అరశాతం మాత్రమే. ఈ మూడు అంకెలను ఒకే చూపులో చూడాలి. పత్రికల్లో ఎక్కువగా రాసింది ఆ అరశాతం గురించి. ఇళ్లలో జరిగింది ఆ సగం.

వృద్ధుల సంగతి మరీ ముఖ్యం. అమెరికాలో అత్యవసర విభాగాలకు వచ్చిన 65 ఏళ్లు దాటిన 817 మంది కోవిడ్ రోగుల్లో 28 శాతం మంది వచ్చేసరికే మతి తప్పి ఉన్నారు. వారిలో మూడోవంతుకు పైగా జ్వరంగానీ ఆయాసంగానీ లేవు. దీన్ని మన పల్లెకు తెచ్చి చూడండి. అవ్వ రెండురోజులుగా అన్నం తినడం లేదు, తిక్కతిక్కగా మాట్లాడుతోంది, చనిపోయిన తాతను పిలుస్తోంది. ఆ పిలుపు విన్న ఇంటివాళ్లు దయ్యమని మంత్రం వేయిస్తారు, లేదా వయసైపోయిందని వదిలేస్తారు. ఆక్సిజన్ చూద్దామని ఎవరికి తోస్తుంది? జ్వరం, దగ్గు, ఆయాసం గురించి ఇంటింటికీ తిరిగి అడిగిన ఆశా కార్యకర్తల ప్రశ్నల్లో ఈ ఒక్క ప్రశ్న కూడా చేర్చి ఉంటే కొందరు అవ్వలు రెండురోజుల ముందు ఆసుపత్రికి చేరేవారు.

ఇక ఐసీయూ. 14 దేశాల్లోని 69 ఐసీయూల్లో 2,088 మంది కోవిడ్ రోగులను చూసిన అధ్యయనం 2021 జనవరిలో వచ్చింది. 55 శాతం మందికి డెలీరియం, అంటే ఈ మతి తప్పడమే. ఆ అధ్యయనం రెండు కారణాలను వేరుచేసి చూపింది. మిడజోలం వంటి బెంజోడయాజెపీన్ మత్తుమందులు పొందినవారిలో డెలీరియం ముప్పు 59 శాతం ఎక్కువ. ఇంటివాళ్లు వచ్చి చూసినవారిలో, వీడియో కాల్‌లో కనిపించినా సరే, 27 శాతం తక్కువ. కోవిడ్ మీద నేను చదివిన వేల అంకెల్లో నన్ను ఎక్కువగా ఆపింది ఈ 27. మందు ఖర్చు లేదు, యంత్రం లేదు. కావలసింది కొడుకు గొంతు.

మన సర్కారు ఆసుపత్రులు నడిచేదే తోడు వచ్చినవారి మీద. సెలైన్ అయిపోతే నర్సును పిలిచేది వాళ్లే, ఒత్తిగిలబెట్టేది వాళ్లే, సద్దిమూట విప్పి తినిపించేది వాళ్లే. కోవిడ్ వార్డు తలుపు దగ్గర ఆ తోడు తెగిపోయింది. సోకే జబ్బు కాబట్టి తెగక తప్పలేదు. అయితే తోడు తెగినప్పుడు పోయింది సేవ ఒక్కటే అనుకున్నాం. పోయినదాంట్లో జబ్బును గుర్తించే కన్ను కూడా ఉంది. పీపీఈ కిట్టు వేసుకుని ముఖం కనబడని మనిషి, తెలుగు ఎవరు మాట్లాడుతున్నారో వినబడని మోత, పగలూ రాత్రీ ఒకేలా వెలిగే ట్యూబులైట్లు, కళ్లద్దాలూ చెవిమిషనూ ఇంట్లోనే ఉండిపోయిన ముసలాయన. మెదడుకు ఆక్సిజన్ సరిగ్గా ఉన్నా అతనికి దారి తప్పుతుంది. చేతులు మంచానికి కట్టేస్తే మరింత పెనుగులాడతాడు. గట్టిగా అరిచేవాడినైనా ఎవరో ఒకరు గమనిస్తారు. నోరెత్తకుండా గోడకేసి చూస్తూ పడుకున్నవాడు బుద్ధిమంతుడిగా లెక్క. డెలీరియంలో ఎక్కువమంది ఈ రెండో రకమే.

ఇంతకీ వైరస్ మెదడులోకి దూరిందా? దీని మీద తొలి ఏడాది పెద్ద భయం నడిచింది. వాసన పోవడం ఆ భయానికి మూలం. ముక్కు నుంచి మెదడుకు దారి ఉంది కాబట్టి వైరస్ అటే ఎక్కుతోందని ఊహించారు. కేంద్ర ఆరోగ్యశాఖ కూడా 2020 జూన్‌లో వాసన, రుచి పోవడాన్ని లక్షణాల జాబితాలో చేర్చింది. హార్వర్డ్ పరిశోధకులు అదే ఏడాది చూపిందేమంటే, వైరస్ పట్టుకునే ఏసీఈ2 గ్రాహకం వాసన నరాల మీద లేదు, వాటికి ఆసరాగా ఉండే కణాల మీద ఉంది. ఎక్కువమందికి కొన్ని వారాల్లో వాసన తిరిగి రావడానికి కారణం అదే కావచ్చు. బోస్టన్‌లో చనిపోయిన 18 మంది మెదళ్లను పరీక్షిస్తే అందరిలోనూ ఆక్సిజన్ అందని గుర్తులు కనిపించాయి. వైరస్ ఆనవాళ్లు కొందరిలో, అదీ అతి స్వల్పంగా. హాంబర్గ్‌లో పరీక్షించిన 40 మెదళ్లలో 21లో వైరస్ దొరికింది, కానీ అది దొరకడానికీ మెదడు దెబ్బ తీవ్రతకూ పొంతన కుదరలేదు. ఇప్పటికి తూకం ఒకవైపే మొగ్గింది. మెదడును ఎక్కువగా దెబ్బతీసింది ఆక్సిజన్ లేమి, రక్తం గడ్డకట్టడం, ఒంటినిండా లేచిన వాపు మంట, పాడైన మూత్రపిండాలు, పడిపోయిన సోడియం, ఇచ్చిన మందులు.

ఇది పండితుల చర్చగా మిగిలిపోయే విషయం కాదు. వైరసే మెదడును తింటోందనుకుంటే డాక్టరు చేయగలిగింది ఏమీ లేదు. ఆక్సిజన్, సోడియం, షుగరు, నీళ్లు అనుకుంటే చేయగలిగింది ఎంతో ఉంది. మే నెల ఎండలో జ్వరంతో నాలుగురోజులు ఇంట్లో పడి, చెమటతో వట్టిపోయి వచ్చిన రైతుకు ముందు సోడియం చూడాలి. 2021 మే 10 రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ పీడనం పడిపోయి 11 మంది చనిపోయారని ప్రభుత్వం ప్రకటించింది. మరణాలకు లెక్క ఉంది. అలాంటి నిమిషాలు ఎక్కడ వచ్చినా, వాటిని దాటి బతికినవారి మెదళ్లు ఎంత నష్టపోయాయో మరణాల పట్టిక చెప్పదు.

పక్షవాతం దగ్గర దూరం ప్రాణాంతకమవుతుంది. న్యూయార్క్‌లోని రెండు ఆసుపత్రుల లెక్కలో కోవిడ్ రోగుల్లో 1.6 శాతం మందికి పక్షవాతం వస్తే, ఫ్లూ రోగుల్లో 0.2 శాతం మందికే వచ్చింది. యాభై ఏళ్లు నిండనివారికి పెద్ద రక్తనాళాలు మూసుకుపోయిన కేసులు కూడా అక్కడి నుంచే మొదట వచ్చాయి. గడ్డను కరిగించే సూది లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపు పడాలి. ఉమ్మడి అనంతపురం జిల్లావాళ్లకు మెదడు జబ్బంటే బెంగళూరు నిమ్హాన్స్. ఇంట్లోవాళ్లు 108 కంటే ముందు ఆ పేరే తలుస్తారు. అనంతపురం నుంచి అది 200 కిలోమీటర్లకు పైనే. మడకశిర దాపున ఉన్నవారికి కాస్త దగ్గర, గుత్తి, తాడిపత్రి వారికి ఇంకా దూరం. హైదరాబాద్ వైపు పోవాలంటే 2021 మే నెలలో కర్నూలు దాటాక పుల్లూరు దగ్గర తెలంగాణ పోలీసులు ఆంధ్రా అంబులెన్సులను ఆపేశారు. హైకోర్టు స్టే ఇచ్చేదాకా కదలనివ్వలేదు. గడియారం చూసుకోవలసిన జబ్బుకు చెక్‌పోస్టు దగ్గర పడిగాపులు.

సీటీ స్కాన్ ఉన్న ఏ జిల్లా ఆసుపత్రిలోనైనా, ఎండీ మెడిసిన్ చదివిన డాక్టరు ఆ సూది వేయగలడు. కావలసిందల్లా మూతి వంకర పోయిన వేళను ఎవరో ఒకరు చెప్పడం. కోవిడ్ వార్డులో మత్తులో ఉన్న రోగికి చేయి పడిపోయిన వేళ ఎవరు చెబుతారు? మళ్లీ పక్కన మనిషి లేని సమస్యకే వచ్చాం.

మన దేశం ఈ చరిత్రకు కలిపిన అధ్యాయం బ్లాక్ ఫంగస్. సైనస్‌లలో మొదలై కంటిగూడుకు, అక్కణ్నుంచి మెదడుకు పాకే మ్యూకోర్ బూజు ఇది. దేశవ్యాప్తంగా 2,826 మంది రోగుల వివరాలను హైదరాబాద్‌లోని నేత్ర వైద్యుడు సంతోష్ హొనావర్ తదితరులు కూడగట్టి 2021లో ప్రచురించారు. వారిలో 78 శాతం మందికి షుగరు జబ్బు, 87 శాతం మందికి స్టెరాయిడ్ వాడకం. 2020 జూన్‌లో బ్రిటన్ రికవరీ ప్రయోగం డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ విలువను నిరూపించింది. వెంటిలేటర్ మీద ఉన్నవారి మరణాలను అది దాదాపు మూడోవంతు తగ్గించింది. ఆక్సిజన్ అవసరం లేనివారికి మేలు లేదని కూడా అదే ప్రయోగం చెప్పింది. మొదటి సగం ఊళ్లకు చేరింది, రెండో సగం చేరలేదు. ఒళ్లు వెచ్చబడగానే స్టెరాయిడ్ మొదలుపెట్టిన చోట్ల షుగరు నాలుగైదు వందలకు ఎగబాకింది, అంతవరకూ షుగరుందని తెలియనివారికి కూడా. చెంప మొద్దుబారడం, ముక్కునుంచి నల్లని స్రావం, కన్ను ఉబ్బడం, ఒకటి రెండుగా కనబడడం, వీటిని పన్నునొప్పిగానో కండ్లకలకగానో పొరబడితే పక్షవాతం దాకా పోతుంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2021 మేలో దీన్ని ఆరోగ్యశ్రీలో చేర్చింది. మంచి పని. ఈ బూజుకు మందైన యాంఫోటెరిసిన్ సీసాల కోసం జనం ఊళ్లు తిరిగిన రోజులవి.

గిలాన్ బారె సిండ్రోమ్ గురించి భయం ఎక్కువ, సంఖ్య తక్కువ. పాదాల్లో తిమ్మిరితో మొదలై కాళ్లు చచ్చుబడి పైకి పాకే ఈ జబ్బు ఇటలీలో ఐదుగురు కోవిడ్ రోగులకు వచ్చిందని 2020లోనే రాశారు. టీకాల వల్ల వస్తుందన్న మాట మన ఊళ్లలో బాగా తిరిగింది. ఆ మాటలో కొంత నిజం ఉంది కాబట్టి దాచకుండా చెప్పాలి. ఇంగ్లండులో 3 కోట్ల 20 లక్షల మందికి పైగా పెద్దలను చూస్తే, మనం కోవిషీల్డ్ అనే టీకా మొదటి డోసు తరువాత కోటిమందికి 38 కేసులు అదనంగా వచ్చాయి. కరోనా సోకినవారిలో అదనపు కేసులు కోటికి 145. ఈ రెండు అంకెలనూ కలిపి చెప్పకుండా ఒకటే చెప్పినవాళ్లు జనానికి అన్యాయం చేశారు. ఒక స్థానిక జాగ్రత్త కూడా ఉంది. ఫ్లోరైడ్ నీళ్లు తాగిన పల్లెల్లో మెడ, నడుము బిగుసుకుపోయి వెన్నుపాము నలిగి కాళ్లు సత్తువ కోల్పోయినవారు ముందునుంచీ ఉన్నారు. జ్వరం తరువాత కాళ్లు లేవలేదని వచ్చిన ప్రతి మనిషికీ కారణం కరోనాయే అని రాసేస్తే అసలు జబ్బు అలాగే ఉండిపోతుంది. 2020 డిసెంబరులో ఏలూరులో వందలమంది ఫిట్స్‌తో పడిపోయినప్పుడు అందరికీ ముందు కరోనా పరీక్షే చేశారు. నెగటివ్ వచ్చింది. ఎయిమ్స్ పరీక్షల్లో రక్తంలో సీసం, నికెల్ బయటపడ్డాయి. అంటువ్యాధి కాలంలో ఇతర జబ్బులు సెలవు తీసుకోవు.

ఇంటికి వెళ్లాక మిగిలేది మరో పెద్ద విషయం. బోర్లా పడుకోబెడితే ఆక్సిజన్ పెరుగుతుందని ఐసీయూలన్నీ నేర్చుకున్నాయి, ప్రాణాలు నిలిచాయి. అయితే చికాగోలో పునరావాసానికి వచ్చిన 83 మంది తీవ్ర రోగుల్లో 12 మందికి, ఆ పడకలో గంటల తరబడి మోచేయి, భుజం నలిగిన చోట నరం దెబ్బతింది. ధర్మవరం మగ్గం ముందు కూర్చునే మనిషికి ఉంగరం వేలు, చిటికెన వేలు తిమ్మిరెక్కి పట్టు తప్పితే జీవనం ఏమవుతుంది? వారాల పాటు వెంటిలేటర్ మీద ఉన్నవారిలో కండరాలు, నరాలు రెండూ కరిగిపోతాయి. ఫిజియోథెరపీతో చాలామంది లేస్తారు. మోచేతి కింద మెత్త పెట్టడం, రెండుగంటలకోసారి తల, చేయి దిక్కు మార్చడం వంటి పనులు ఏ వార్డులోనైనా చేయదగినవే.

మతిమరుపు, ఏకాగ్రత తగ్గడం మాత్రం కంటికి కనబడవు. దాదాపు 13 లక్షల మంది కోవిడ్ రోగుల రికార్డులను, ఇతర శ్వాసకోశ జబ్బులవారితో పోల్చి రెండేళ్లపాటు చూసిన అధ్యయనం 2022లో వచ్చింది. ఆందోళన, కుంగుబాటు ముప్పు రెండు నెలల్లోపు మామూలు స్థాయికి దిగింది. మెదడు మబ్బు పట్టినట్టుండడం, మూర్ఛ, వృద్ధుల్లో డిమెన్షియా ముప్పు మాత్రం రెండేళ్ల చివర కూడా ఎక్కువగానే ఉంది. ఇంగ్లండులో లక్షా 12 వేలమందికి పైగా పరీక్ష రాస్తే, ఐసీయూలో చేరివచ్చినవారి లోటు ఐక్యూ కొలతలో సుమారు 9 పాయింట్లకు సమానమని 2024లో తేల్చారు.

ఈ పరీక్షలు కంప్యూటర్ ముందు కూర్చుని చేసేవి. బడికి పోని వేరుశనగ రైతుకు అవి సరిపోవు. చదువు లేదన్న లోటును మెదడు లోటుగా లెక్కగడతాయి. ఇక్కడ తెలుగువాళ్ల దగ్గర ఒక సాధనం సిద్ధంగా ఉంది. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో తెలుగు సహా ఐదు భారతీయ భాషల్లో జ్ఞాపకశక్తి, భాష, ఏకాగ్రతలను కొలిచే పరీక్షల పెట్టెను తయారుచేశారు. హైదరాబాద్ నిమ్స్‌లో పనిచేసి తరువాత నిమ్హాన్స్‌కు వెళ్లిన సువర్ణ అల్లాడి ఆ పనిలో ముఖ్యులు. చదువుకున్నవారికీ చదువుకోనివారికీ వేర్వేరు కొలబద్దలు ఉండాలన్న పట్టుదలతో చేసిన పని అది. వార్డులో ఉన్నప్పటి డెలీరియం పరీక్ష ఇంతకన్నా తేలిక. నర్సు కొన్ని అక్షరాలు మెల్లగా పలుకుతుంది, ఒక అక్షరం వినగానే రోగి ఆమె చేయి నొక్కాలి. గొంతులో గొట్టం ఉన్నవారికి కూడా పనికొస్తుంది. వారాల పేర్లు వెనకనుంచి చెప్పమనడం, ఏ ఊళ్లో ఉన్నావని అడగడం మాట్లాడగలిగినవారికి.

ఈ రెంటినీ వైద్య కళాశాలలో హౌస్ సర్జన్లకు, నర్సింగ్ విద్యార్థులకు నేర్పడానికి ఒక మధ్యాహ్నం చాలు. ధర్మవరం, కదిరి, గుంతకల్లు ఏరియా ఆసుపత్రుల్లో నెలకోరోజు, ఐసీయూ నుంచి బతికి వచ్చినవారిని పిలిచి చూడవచ్చు. కోవిడ్ ఒక్కటే కాదు, డెంగీ, టీబీ మెనింజైటిస్, పాముకాటు, పురుగుమందు తాగి వెంటిలేటర్ ఎక్కి దిగినవారు ఏటా వస్తూనే ఉన్నారు. వారి డిశ్చార్జి కాగితంలో చేరిన రోజు మతి ఎలా ఉంది, వెళ్లే రోజు ఎలా ఉంది అన్న రెండు వాక్యాలు తెలుగులో రాసిస్తే, ఆరునెలల తరువాత లెక్కలు మరిచిపోతున్నాడని భర్తను వెంటబెట్టుకొచ్చిన ఆమె చేతిలో డాక్టరుకు చూపించడానికి ఏదో ఒకటి ఉంటుంది.